మధ్యాహ్నం మూడింటి నిద్రకు పప్పన్నాన్ని తిట్టకండి

ఆఫీసులో మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూతలు పడుతుంటే మనం వెంటనే క్యారేజీని అనుమానిస్తాం. "పప్పు, నెయ్యి, పెరుగు... ఇంక నిద్ర రాక ఏం వస్తుంది" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. నేనైతే నన్ను కూడా కాదు, నా దగ్గర పనిచేసే కుర్రాణ్ని తిట్టాను. అప్పట్లో హైదరాబాదు హిమాయత్‌నగర్‌లో ఒక ఫ్లాటును ఆఫీసుగా మార్చుకున్న ఆడిటర్ల దగ్గర అడ్మిన్ పని చూసేదాన్ని. సెప్టెంబరులో రిటర్నుల హడావుడి. పిల్లల పడకగదిగా కట్టిన గదిలో తొమ్మిదిమందిని కూర్చోబెట్టాం. కిటికీలు బిగించి, ఏసీ వేసి, తలుపు మూశాం. ఆ కుర్రాడు మూడింటికల్లా తూగేవాడు. "రాత్రిళ్లు ఫోను చూడ్డం తగ్గించు నాన్నా" అని రెండుసార్లు చీవాట్లు పెట్టాను.

ఒకరోజు మా క్లయింటు ఒకాయన, ఏసీ పనుల ఇంజనీరు, సంచిలోంచి చిన్న మీటరు తీసి ఆ బల్ల మీద పెట్టాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెండు వేల పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లన్న లెక్క) దాటి చూపించింది. ఆరుబయట అది 420 చుట్టుపక్కల ఉంటుంది. "మేడం, వీళ్లు ఒకరు వదిలిన గాలి ఒకరు పీలుస్తున్నారు" అన్నాడు. మర్నాడు ఆ కుర్రాడి కుర్చీలో నేనే కూర్చున్నాను. మూడూ పదికి ఆవలించాను.

అప్పట్నుంచి ఎవరైనా పనిలో నీరసంగా కనిపిస్తే ముందు గదిని చూస్తాను, తర్వాతే మనిషిని. మీరూ అలా చూడాలంటే ఏం చేయాలో కింద వరసగా రాశాను. వరస తప్పకండి. చాలామంది ఖరీదైన కుర్చీ కొనడంతో మొదలుపెడతారు, గాలి దాకా వచ్చేసరికి డబ్బూ ఓపికా అయిపోతాయి.

మొదటి వారం ఏమీ కొనకండి, రాయండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. రోజూ మూడు వేళలు పెట్టుకోండి: పదకొండు, మూడు, ఐదున్నర. ఆ వేళకు గదిలో ఎంతమంది ఉన్నారు, ఏ కుర్చీలో ఎవరున్నారు, ఎవరికి చలి, ఎవరికి ఉక్క, ఎవరికి తలనొప్పి, ఎవరి కళ్లు మండుతున్నాయి, ఇంతే రాయండి. "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ "పర్లేదు మేడం" అంటారు. "ఇప్పుడు శాలువా కావాలా, ఫ్యాను కావాలా?" అని అడగండి, నిజం బయటికొస్తుంది.

వేడినీ తేమనీ చూపించే చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి చాలు, కోఠీలో ఐదారు వందల్లో దొరుకుతుంది. దాన్ని బల్ల మీద, మనిషి మోచేయి దగ్గర పెట్టండి. ఏసీ రిమోట్ మీద కనిపించేది మీరు అడిగిన అంకె. గదిలో ఉన్న అంకె వేరు. ఈ రెంటికీ మూడు నాలుగు డిగ్రీల తేడా ఉన్న గదులు చూశాను. కార్బన్ డయాక్సైడ్ మీటరు మాత్రం అరువు తెచ్చుకోవడమే మంచిది. కొనాల్సి వస్తే ఎన్‌డీఐఆర్ సెన్సార్ (పరారుణ కాంతితో ఆ వాయువును నేరుగా కొలిచేది) ఉందో లేదో అడిగి కొనండి. మరీ చవకవి కార్బన్ డయాక్సైడ్‌ను కొలవవు, వేరే వాసనల్ని పట్టుకుని అంచనా కడతాయి. తెచ్చిన మీటరును డాబా మీదికి తీసుకెళ్లి పావుగంట ఉంచండి. 420కి దగ్గరగా చూపిస్తేనే నమ్మండి.

వారం తిరిగేసరికి నోటుబుక్కులో ఒక సంగతి బయటపడుతుంది: బాధలు మనుషుల్ని బట్టి కాకుండా కుర్చీల్ని బట్టి ఉంటాయి. అదే కుర్చీలో ఇంకొకరు కూర్చున్నా అదే తలనొప్పి.

గాలి: స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు

మన ఆఫీసుల్లో సగం గొడవ ఇక్కడే ఉంది. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయట పెట్టిన డబ్బా వేడిని మాత్రమే బయటికి పారేస్తుంది. రెండింటినీ కలిపే గొట్టాల్లో తిరిగేది గ్యాసు, గాలి కాదు. చదువుకున్నవాళ్లు కూడా బయటి గాలి ఏసీలోంచి వస్తోందనుకుంటారు. అందుకే చల్లగా ఉన్న గదిలో గాలి బాగానే ఉందని నమ్మేస్తాం.

కార్బన్ డయాక్సైడ్ వెయ్యి లోపు ఉంటే గదిలోకి బయటి గాలి సరిపడా వస్తున్నట్టు లెక్క. అది దాటి పెరుగుతోందంటే ఆ వాయువు ఒక్కటే పెరిగిందని కాదు, అందరి ఊపిరి, చెమట, కొత్త ప్లైవుడ్ వాసన, జలుబు ఉన్నవాడి తుమ్ము, అన్నీ గదిలోనే తిరుగుతున్నాయని. హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని సిరక్యూస్‌లో 24 మందిని ఆరు రోజులపాటు ఒకే గదిలో పని చేయించి, వాళ్లకు తెలియకుండా గాలిని మార్చి చూశారు. 2015లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. బయటి గాలి ఎక్కువగా వచ్చిన రోజుల్లో నిర్ణయాలు తీసుకునే పరీక్షల్లో మార్కులు బాగా పెరిగాయి. కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాన్నే విడిగా పెంచి చూసిన వేరే ప్రయోగాల్లో మాత్రం అన్నిసార్లూ అలా జరగలేదు. కాబట్టి ఆ అంకెను విషంలా చూడకండి, గది ఎంత బిగదీసుకుపోయిందో చెప్పే గుర్తుగా చూడండి.

ఏం చేయాలి? ఉదయం ఏసీ వేయకముందు అరగంట కిటికీలన్నీ బార్లా తెరవండి. ఊడ్చే ఆయమ్మ వచ్చే వేళే దీనికి మంచిది. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినప్పుడు పది నిమిషాలు మళ్లీ తెరవండి. ఎదురెదురు కిటికీలు, లేదా ఒక కిటికీ ఒక తలుపు తెరిస్తేనే గాలి ఆడుతుంది. ఒక్క కిటికీ తెరిస్తే లాభం తక్కువ. మే నెలలో "చల్లదనం పోతుంది మేడం" అంటారు. పోతుంది, పావుగంటలో తిరిగొస్తుంది. గోడలు, బల్లలు చల్లగానే ఉంటాయి కదా.

ఇది చాలకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. లెక్క సులువు: ఒక్కో మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల గాలి. తొమ్మిదిమందికి 270. ఫ్యాను పెట్టె మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్లో రాసి ఉంటుంది. అది పెట్టెలో ఉన్నప్పటి మాట, గోడకెక్కాక తగ్గుతుంది కాబట్టి కొంచెం పెద్దదే తీసుకోండి. ఇంకో మాట. గాలి బయటికి పోవాలంటే లోపలికి రావడానికి దారి ఉండాలి. తలుపు కింద వేలెడు సందు లేకపోతే ఫ్యాను ఊరికే గింగిరాలు తిరుగుతుంది. ఫ్యానూ ఆ సందూ గదికి చెరో చివర ఉండాలి. మా ఫ్లాటులో బాత్రూంలోని పాత ఎగ్జాస్ట్‌ను రోజంతా ఆన్‌లో ఉంచి, ఆ తలుపు ఓరగా తెరిచి పెట్టాం. అందంగా లేదు గానీ పని చేసింది.

రోడ్డు మీదికున్న కిటికీ అయితే జాగ్రత్త. చలికాలం పొద్దున్నే నగరంలో పొగ, దుమ్ము నేలకు అంటుకున్నట్టు ఉంటాయి. ఆ నెలల్లో పదకొండు దాటాక తెరవండి, వెనక సందు వైపు కిటికీ ఉంటే అది వాడండి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ టవర్లలో కిటికీలే తెరుచుకోవు. అక్కడ మీరు ఫెసిలిటీస్ వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మా అంతస్తు ఏహెచ్‌యూలో ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ ఎంత తెరిచి ఉంది?" ఏహెచ్‌యూ అంటే అంతస్తంతటికీ చల్లగాలి పంపే పెద్ద యంత్రం, డ్యాంపర్ అంటే అందులోకి బయటి గాలిని రానిచ్చే తలుపు. కరెంటు బిల్లు తగ్గుతుందని ఎండాకాలం దాన్ని మూసేసి, మళ్లీ తెరవడం మరిచిపోయేవాళ్లు ఉన్నారు. ప్రశ్న మెయిల్‌లో అడగండి. నోటిమాటకు "చూస్తాం మేడం" అనే జవాబే వస్తుంది.

ఏసీ రిమోట్ కోసం కొట్లాట

ప్రతి ఆఫీసులోనూ రిమోట్ దాచే మనిషి ఒకరుంటారు. ఆయన పదహారులో పెడతాడు, ఆయన లేచి వెళ్లగానే ఇంకొకరు ఇరవై ఏడు చేస్తారు. పదహారులో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ. మామూలు ఏసీ అదే వేగంతో చల్లబరుస్తుంది, ఆగాల్సిన చోట ఆగదు, అంతే.

ఒంటికి వేడి తెలియడం ఆరు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది: గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలు, అద్దాల వేడి, గాలి కదలిక, తేమ, వేసుకున్న బట్టలు, చేసే పని. మనం మొదటిదాన్నే పట్టుకుని కొట్లాడుకుంటాం. పెద్ద భవనాలకు ఏసీ లెక్కలు కట్టిన పాత సూత్రాలు ఒక నలభై ఏళ్ల, 70 కిలోల మగవాణ్ని ఊహించుకుని తయారయ్యాయనీ, ఆడవాళ్ల ఒంట్లో పుట్టే వేడి అంతకంటే తక్కువనీ 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. మన దగ్గర దానికి తోడు ఒకరు బూట్లు, సాక్సులు, టై, ఇంకొకరు కాటన్ చుడీదార్, చెప్పులు. పాదాలు చల్లబడితే ఒళ్లంతా చలే. ఆవిడను "మీకు అలవాటు లేదు" అనకండి.

మన ఊరి సంగతి మన ఊళ్లోనే తేల్చినవాళ్లూ ఉన్నారు. పరిశోధకురాలు మాధవీ ఇంద్రగంటి బృందం హైదరాబాదు, చెన్నైలలోని 28 ఆఫీసుల్లో రెండు వేల ఏడువందల పైచిలుకు మందిని అడిగి, 2014లో ఫలితాలు ప్రచురించింది. ఏసీ నడుస్తున్నప్పుడు మనవాళ్లకు హాయిగా అనిపించింది 26.4 డిగ్రీల దగ్గర, కిటికీలు, ఫ్యాన్లతో ఉన్నప్పుడు 28 దగ్గర. పదహారు ఎక్కడ, ఇరవై ఆరు ఎక్కడ! 2020 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని నిబంధన ఉంది. అక్కణ్నుంచి పైకి వెళ్లడానికి ఇంకా చోటుందన్నమాట.

ఇలా చేయండి. ముందు ఏసీ ఫిల్టర్లు తీసి కడిగించండి, మళ్లీ నెలకోసారి. చల్లగా రావట్లేదంటే మెకానిక్ "గ్యాస్ అయిపోయింది మేడం" అంటాడు. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, ఎక్కడో కారితేనే తగ్గుతుంది. "లీక్ ఎక్కడుందో చూపించి, మూసి, అప్పుడు నింపు భాయ్" అనండి. తర్వాత ఏసీ రెక్కలు పైకి తిప్పండి. చల్లగాలి కప్పు వెంబడి పోయి దిగాలి, ఒకరి మెడ మీద పడకూడదు. ఇప్పుడు ఫ్యాన్లు. ఫాల్స్ సీలింగ్ పెట్టేటప్పుడు అందరూ మొదట పీకేసేది సీలింగ్ ఫ్యానునే, నాకు ఇది ఎప్పటికీ అర్థం కాదు. తిరిగి పెట్టించండి, కుదరకపోతే గోడ ఫ్యాన్లు. నెమ్మదిగా గాలి ఆడుతుంటే 26లోనూ హాయిగా ఉంటుంది. సెట్టింగును ఒక్కరోజులో మార్చకండి. వారానికి ఒక డిగ్రీ చొప్పున పెంచుతూ, నోటుబుక్కు చూస్తూ పోండి. ఎవరికీ చెప్పకుండా పెంచితే ఇంకా మంచిది, చెబితే చెమట అంకెను చూసే పడుతుంది.

ఉక్క మరీ ఎక్కువైతే పని దెబ్బతింటుందన్నదీ నిజమే. ఆఫీసు పనుల మీద జరిగిన పరిశోధనలన్నీ పోగేసి 2006లో లెక్క వేస్తే, 22 డిగ్రీల దగ్గర ఉన్న పని 30 దగ్గరికి వచ్చేసరికి సుమారు 9 శాతం తగ్గింది. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం చలిదేశాలవి కాబట్టి ఆ ఇరవై రెండును ఇక్కడికి తెచ్చి రిమోట్‌లో పెట్టకండి. ముప్పై దాటనివ్వకండి, అది చాలు.

పడమటి అద్దం

థర్మామీటరు 25 చూపిస్తోంది, కిటికీ పక్కనున్న మనిషి ఉడికిపోతున్నాడు. ఇది తరచూ కనిపించే వింత. నాలుగింటికి వెళ్లి అద్దానికి బెత్తెడు దూరంలో అరచెయ్యి పెట్టండి, సంగతి తెలుస్తుంది. కాలిన అద్దం పెనంలా వేడి చిమ్ముతుంటే చుట్టూ గాలి చల్లగా ఉన్నా ఒంటికి చల్లగా ఉండదు.

లోపల వేసే బ్లైండ్లు వెలుతురును ఆపినంతగా వేడిని ఆపవు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే కదా బ్లైండును తాకేది. ఎండను బయటే ఆపాలి. మన పెద్దలు వట్టివేళ్ల తడికలు కిటికీకి బయట కట్టి నీళ్లు చల్లింది అందుకే. హైటెక్ సిటీలో 2004లో మొదలైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను ఎప్పుడైనా చూడండి. జాలీ గోడలు, మధ్యలో మండువా, గాలి బురుజులు, కప్పు మీద పచ్చిక. పర్యావరణానికి మేలైన భవనాలకిచ్చే లీడ్ గుర్తింపుల్లో అన్నిటికంటే పైదైన ప్లాటినం, అమెరికా బయట మొదట దక్కింది దానికే. దాని చుట్టుపక్కల లేచిన భవనాలు మాత్రం నిలువెల్లా అద్దం తొడుక్కున్నాయి. ఆ అద్దాలకు తెరలు కట్టుకుని లోపల ట్యూబులైట్లు వేసుకుంటున్నాం.

రెండు మూడంతస్తుల ఆఫీసైతే పడమటి కిటికీలకు బయట వెదురు చిక్ (పుల్లల తెర) కట్టించండి. ఎండాకాలంలో సూర్యుడు కుంకేది నేరుగా పడమర కూడా కాదు, కొంచెం వాయవ్యం వైపు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో ఇంకోసారి మన ఊళ్లో నడినెత్తిన సూర్యుడు వచ్చి నీడ మాయమవుతుంది కదా, ఆ రెంటి మధ్యా మిట్టమధ్యాహ్నం కూడా ఎండ ఉత్తరం వైపునుంచే పడుతుంది. ఉత్తరం కిటికీకి ఎండ రాదులే అని వదిలేయకండి. టవర్లో ఉంటే అద్దానికి వేడిని తిప్పికొట్టే ఫిల్మ్ వేయమని భవన యజమానిని అడగండి. అదీ కాదంటే ఆ అద్దం వెంబడి బీరువాలు, ప్రింటరు పెట్టి మనుషుల్ని నాలుగైదు అడుగులు లోపలికి జరపండి. ఎక్కువ ఆఫీసుల్లో దీనికి తలకిందులుగా ఉంటుంది. గోడ నీడలో చల్లగా బీరువాలు, అద్దం పక్కన మనుషులు.

బల్ల, కుర్చీ, వెలుతురు

కుర్చీ ఎత్తు నేలను బట్టి కాదు, బల్లను బట్టి పెట్టుకోండి. మోచేతులు వంచితే బల్ల ఎత్తుకు రావాలి. మన దగ్గర అమ్మే బల్లలు ఇంచుమించు 75 సెంటీమీటర్లు. ఐదడుగుల మనిషికి అది ఎక్కువ. కుర్చీ పైకి లేపితే కాళ్లు గాలిలో వేలాడతాయి, తొడల కింద ఒత్తుకుని తిమ్మిరెక్కుతాయి. దీనికి మందు పీట. చెక్క పీట, లేదా రెండు ఏ4 కాగితం కట్టలు. నవ్వకండి, ఇరవై వేల కుర్చీ చేయలేనిది ఈ పీట చేస్తుంది.

స్క్రీను చెయ్యి చాపినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు లేదా కాస్త కిందికి. ల్యాప్‌టాప్‌తో ఇది అసాధ్యం. స్క్రీను లేపితే కీబోర్డూ లేస్తుంది, కాబట్టి విడిగా కీబోర్డు, మౌసు కొనాల్సిందే. కిటికీ మీకు పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్లు చికిలించుకోవాలి, వెనకుంటే స్క్రీను మీద మీ నీడే కనిపిస్తుంది. బల్ల మీద వెలుతురు 300 నుంచి 500 లక్స్ చాలు. ఫోన్లోని లక్స్ యాప్ కచ్చితంగా చెప్పకపోయినా చీకటి మూల ఏదో పట్టిస్తుంది. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి దూరంగా చూడండి, ఆరు మీటర్ల అవతలికి. అరగంటకోసారి లేవండి. మంచినీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోకుండా చిన్న గ్లాసు పెట్టుకుంటే అదే లేపుతుంది.

మాటల మోత

ఏసీ హోరును చెవి మరిచిపోతుంది. మాటను మరిచిపోలేదు. అందులోనూ ఫోనులో మాట్లాడేవాడి సగం సంభాషణ మరీ ఘోరం. అవతలివాడు ఏమన్నాడో ఊహించడానికి మన బుర్ర తెలియకుండానే పరుగెడుతుంది. 2010లో కార్నెల్ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూపారు. గోడలన్నీ పడగొట్టి హాలు చేస్తే మనుషులు కలిసిమెలిసి పని చేస్తారనే వాదం మీద హార్వర్డ్ వాళ్లు 2018లో నీళ్లు చల్లారు. రెండు పెద్ద కంపెనీల్లో గోడలు తీసేశాక ఎదురెదురు మాటలు సుమారు 70 శాతం తగ్గాయి. వాటి బదులు మెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి.

మీ చేతిలో ఉన్నది ఇది: ఫోన్లు ఎక్కువ చేసేవాళ్లందర్నీ ఒక చివరకు, లెక్కలు రాసేవాళ్లను ఇంకో చివరకు మార్చండి. ఫోనుకు ఒక మూల, తలుపున్న చిన్న గది, లేదా మెట్ల దగ్గర చోటు కేటాయించండి. ఉదయం రెండు గంటలు "ఏదైనా ఉంటే రాసి పంపండి" అని పెట్టుకోండి. వినాయక చవితి డీజేకు మాత్రం నా దగ్గర మందు లేదు, ఆ వారం ముఖ్యమైన మీటింగులు పెట్టుకోకండి.

మొక్కల గురించి అడుగుతారు కాబట్టి: మనీప్లాంట్లు గాలిని శుభ్రం చేస్తాయన్నది సీలు వేసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాల మాట. మామూలు గదిలో ఆ పని చేయాలంటే ఆఫీసు అడివైపోవాలి. కంటికి బాగుంటాయి, పెట్టుకోండి. వానాకాలంలో తడి గొడుగులు కార్పెట్ మీద ఆరబెట్టనివ్వకండి, ఆ ముక్క వాసన జనవరి దాకా ఉంటుంది.

పైవాళ్లను అడగడం

"సార్, ఇక్కడ పని చేయలేకపోతున్నాం" అంటే ఎవరూ వినరు. నోటుబుక్కు నుంచి ఒక పేజీ రాయండి: ఏ కుర్చీ, ఏ వేళ, ఎంత వేడి, ఎంతమందికి తలనొప్పి. కింద ఒకే ఒక్క కోరిక, దానికయ్యే ఖర్చు, రాణీగంజ్ షాపు నుంచి తెచ్చిన కొటేషన్. ఏసీ సెట్టింగు ఒక డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. ఆ ముక్క పైన రాయండి, మిగతాది ఆయనే చదువుతాడు. ఐదు కోరికలు ఒకేసారి అడిగితే అన్నింటిలోకీ చవకైనది, అంటే మనీప్లాంటు, మంజూరవుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. 1924లో షికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో లైట్లు పెంచితే పని పెరిగిందట, తగ్గించినా పెరిగిందట. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న హుషారే కారణమని అప్పుడు చెప్పారు, తర్వాతివాళ్లు ఆ లెక్కలను తిరగదోడి అనుమానాలు లేవనెత్తారు. ఏదేమైనా కొత్త ఫ్యాను తిరిగిన వారం మీ ఆఫీసులోనూ అందరూ బాగానే ఉందంటారు. ఆ వారం మాటలు లెక్కలోకి తీసుకోకండి. నెల గడిచాక అదే నోటుబుక్కు తెరిచి, అవే కుర్చీల దగ్గర, పదకొండుకు, మూడుకు, ఐదున్నరకు మళ్లీ రాయండి.